ద్రవధార నుంచి సిరాబొట్టు వరకు: ఇంక్‌జెట్ ముద్రణ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ద్రవధార బొట్లుగా ఎందుకు విడిపోతుందో వివరించగలుగుతారు.
• నిరంతర ధారా పద్ధతికీ, కోరినప్పుడే బొట్టు వదిలే పద్ధతికీ తేడా చెప్పగలుగుతారు.
• ఇంక్‌జెట్ ముద్రణలో ఒక సమస్యకు దొరికిన పరిష్కారం మరొక సమస్యకు ఎలా దారితీసిందో ఉదాహరణలతో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

పాల ప్యాకెట్టునో, మంచినీళ్ళ సీసానో చేతిలోకి తీసుకొని తయారీ తేదీ ముద్రించిన చోట జాగ్రత్తగా చూడండి. చాలా వాటిపైన అంకెలు గీతలుగా కాక విడివిడి చుక్కలుగా కనిపిస్తాయి. ఆ సీసా యంత్రం మీద వేగంగా కదిలిపోతుండగా, దాన్ని ఏ అచ్చూ తాకకుండా, గాలిలోంచి వచ్చి పడిన సిరాబొట్లు అవి. మీ హాల్‌టికెట్టును ముద్రించి ఇచ్చిన దుకాణంలో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటే, అందులోనూ జరిగేది ఇదే. బొట్లు మరీ చిన్నవి, మరీ దగ్గరగా పడతాయి కాబట్టి మన కంటికి విడిగా కనిపించవు.

గూటెన్‌బర్గ్ కాలం నుంచి అచ్చు అంటే ఒత్తిడి. సిరా పూసిన అక్షరాన్ని కాగితం మీద నొక్కాలి. టైపురైటర్‌లోనూ, సూదులతో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లోనూ ఈ ఒత్తిడి ఉంది. ఇంక్‌జెట్ ముద్రణలో అది లేదు. ద్రవం తనంతట తాను ప్రయాణించి కాగితాన్ని చేరుతుంది.

‘దీన్ని ఎవరు కనుగొన్నారు?’ అని పరీక్షలో అడిగితే ఒక్క పేరు రాయడం కష్టం. కనీసం నాలుగు దేశాలలో, దాదాపు 150 ఏళ్ళ కాలంలో, ఒకరినొకరు ఎరుగని ఎందరో దీనిపై పనిచేశారు. కాబట్టి ఈ పాఠంలో పేర్లకంటే సమస్యలను ముందు పెట్టి చూద్దాం. ధార ఎందుకు తెగుతుంది? తెగిన బొట్టును కోరిన చోటికి పంపడం ఎలా? అవసరమైనప్పుడే బొట్టును పుట్టించడం ఎలా? సన్నని రంధ్రం పూడిపోతే ఏం చేయాలి? చివరగా, ఈ ఖర్చు ఎవరు భరించాలి? ఒక్కొక్క ప్రశ్నకు దొరికిన జవాబే తరువాతి ప్రశ్నను లేవనెత్తిందని మీరు గమనిస్తారు.

2. ధార ఎందుకు తెగుతుంది?

కుళాయిని సన్నని ధార వచ్చేలా తిప్పండి. పైభాగంలో ధార గాజుకడ్డీలా నునుపుగా ఉంటుంది. కొంత కిందికి వచ్చేసరికి మసకబారినట్లు కనిపిస్తుంది. ఆ మసక భాగంలో నిజానికి ధార లేదు, ఒకదాని వెనుక ఒకటిగా పడుతున్న బొట్లు ఉన్నాయి. ఈ సంగతిని క్రమపద్ధతిలో పరిశీలించి 1833లో ప్రచురించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త ఫెలిక్స్ సవర్ట్. భౌతికశాస్త్రంలో మీరు చదివే బయోట్–సవర్ట్ నియమంలోని సవర్ట్ ఈయనే. దగ్గరలో ఒక వాద్యాన్ని మోగించినప్పుడు ధార తెగే తీరు మారుతున్నదని కూడా ఆయన గమనించాడు. అంటే ధార తెగడంలో బయటి కంపనాలకు పాత్ర ఉంది.

తెగడానికి మూలకారణాన్ని వివరించినవాడు బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ ప్లాటో. ఆయన నడివయసులోనే చూపు కోల్పోయాడు. ఆ తరువాత కుటుంబసభ్యులు, సహచరులు ప్రయోగాలు చేసి చూసినది చెబుతుంటే పరిశోధన సాగించాడు. ఆయన వివరణకు ఆధారం తలతన్యత. ద్రవం తన ఉపరితల వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. ద్రవస్తంభం పొడవు దాని చుట్టుకొలత కంటే, అంటే వ్యాసానికి సుమారు 3.14 రెట్ల కంటే ఎక్కువైతే, అది స్తంభంగా నిలవలేదు. బొట్లుగా మారితే మొత్తం ఉపరితలం తగ్గుతుంది కాబట్టి అటే మొగ్గుతుంది. ధారలో ఎక్కడైనా కాస్త సన్నబడితే అక్కడ లోపలి పీడనం పెరుగుతుంది. ఆ పీడనం ద్రవాన్ని పక్కనున్న లావు భాగంలోకి నెడుతుంది. దాంతో సన్నని చోటు ఇంకా సన్నబడి చివరకు తెగిపోతుంది.

1878లో ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ దీనికి గణితం జోడించాడు. ధార మీద ఏర్పడే అలలలో అన్నిటికంటే వేగంగా పెరిగే అల తరంగదైర్ఘ్యం, ధార వ్యాసానికి సుమారు 4.5 రెట్లు ఉంటుందని ఆయన లెక్క తేల్చాడు. దీని ప్రాధాన్యం ఒక ఉదాహరణతో తెలుస్తుంది.

*ఉదాహరణ:* ధార వ్యాసం 50 మైక్రోమీటర్లు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. అనుకూలమైన తరంగదైర్ఘ్యం 50 × 4.5 = 225 మైక్రోమీటర్లు. ప్రతి 225 మైక్రోమీటర్లకు ఒక బొట్టు చొప్పున సెకనుకు దాదాపు 89,000 బొట్లు ఏర్పడతాయి. ధారను ఆ పౌనఃపున్యంతోనే కంపింపజేస్తే బొట్లన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ఎడంతో పుడతాయి.

రేలీ ముద్రణ కోసం ఈ లెక్క వేయలేదు. అయినా అదుపు లేకుండా తెగే ధారను అదుపులో తెంచవచ్చని చెప్పిన సూత్రం ఇది. దానిని వాడుకోవలసిన అవసరం రావడానికి ఇంకా ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది.

3. కలం తాకని రాత

ఆ అవసరం అచ్చు యంత్రాల నుంచి రాలేదు, కొలత పరికరాల నుంచి వచ్చింది. అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన తంతి తీగల ద్వారా వచ్చే విద్యుత్ సంకేతాలు చాలా బలహీనంగా ఉండేవి. వాటి బలంతో కలాన్ని కాగితం మీద జరిపితే రాపిడికే ఆ బలం సరిపోయేది. ఈ చిక్కును తప్పించడానికి విలియం థామ్సన్, అంటే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, 1867లో సైఫన్ రికార్డర్‌కు పేటెంటు పొందాడు. సన్నని గాజుగొట్టంలోని సిరాకు విద్యుదావేశం ఇస్తే, గొట్టం కాగితాన్ని తాకకుండానే సిరా చిన్న తుంపరలుగా కాగితం మీదికి దూకుతుంది. సంకేతాన్ని బట్టి గొట్టం అటూ ఇటూ కదులుతుంది. తాకకుండా రాయడం అనే ఆలోచన ఇక్కడ మొదటిసారి పరికరంగా మారింది.

ఇదే చిక్కు ఇరవయ్యో శతాబ్దంలో వైద్యరంగంలో ఎదురైంది. గుండె విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరికరంలో కలం బరువు, రాపిడి వల్ల వేగంగా మారే సంకేతాలు సరిగా నమోదు కావు. స్వీడన్‌కు చెందిన రూనె ఎల్మ్‌క్విస్ట్ కలానికి బదులు గాల్వనామీటర్‌కు సన్నని నాజిల్ అమర్చి, దానినుంచి సిరాను ధారగా వదిలాడు. ఆయనకు 1951లో అమెరికా పేటెంటు లభించింది. ఈ సూత్రంతో సీమెన్స్–ఎలీమా సంస్థ మింగోగ్రాఫ్ అనే పరికరాన్ని అమ్మింది. 1958లో మనిషి శరీరంలో మొట్టమొదట అమర్చిన పేస్‌మేకర్‌ను తయారుచేసినవాడు కూడా ఎల్మ్‌క్విస్టే.

అయితే మింగోగ్రాఫ్ గీతను గీయగలదు, అక్షరాన్ని రాయలేదు. అక్షరం రాయాలంటే మధ్యలో సిరా ఆగాలి. ధార ఆగదు. ఇది రెండో సమస్య.

4. బొట్టును మళ్ళించడం

1960ల మొదటి సగంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్వీట్ ఈ సమస్యను పరిష్కరించాడు. ఆయన పద్ధతిలో దశలు ఇవి:

1. నాజిల్‌ను నిర్ణీత పౌనఃపున్యంతో కంపింపజేస్తారు. రేలీ చెప్పినట్లు ధార సమానమైన బొట్లుగా తెగుతుంది.
2. బొట్టు ధార నుంచి విడిపోయే చోట ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది. విడిపోయే క్షణంలో బొట్టుకు కోరినంత విద్యుదావేశం ఇస్తారు.
3. ఆ తరువాత బొట్టు రెండు పలకల మధ్య విద్యుత్ క్షేత్రం గుండా వెళుతుంది. ఎక్కువ ఆవేశం ఉన్న బొట్టు ఎక్కువగా, తక్కువ ఆవేశం ఉన్నది తక్కువగా పక్కకు మళ్ళుతుంది.
4. అవసరం లేని బొట్లు ఒక చిన్న గొట్టంలో పడి తిరిగి సిరా ట్యాంకుకు చేరతాయి.

పాత టెలివిజన్ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజాన్ని మళ్ళించినట్లే ఇక్కడ సిరాబొట్టును మళ్ళిస్తున్నారని గమనించండి. ధారను ఆపలేని సమస్యకు జవాబు ధారను ఆపకపోవడమే. అందుకే దీనిని నిరంతర ధారా పద్ధతి అంటారు. 1960ల చివరిలో ఎ.బి. డిక్ సంస్థ వీడియోజెట్ పేరుతో ఈ సూత్రాన్ని మార్కెట్టుకు తెచ్చింది. 1976లో ఐబీఎం కార్యాలయ ఉత్తరాల కోసం 6640 అనే ప్రింటర్‌ను విడుదల చేసింది. దాదాపు స్వీట్ పనిచేసిన కాలంలోనే స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ కూడా నిరంతర ధారపై పనిచేశాడు. గుండెను ధ్వని తరంగాలతో చూసే ఎకోకార్డియోగ్రఫీకి 1953లో ఇంగె ఎడ్లర్‌తో కలిసి పునాది వేసిన హెర్ట్జ్ ఈయనే. ఎల్మ్‌క్విస్ట్, హెర్ట్జ్ ఇద్దరూ వైద్య పరికరాల రంగం నుంచి రావడం యాదృచ్ఛికం కాదు. వేగంగా మారే సంకేతాన్ని కాగితం మీదికి ఎక్కించవలసిన అవసరం మొదట ఆ రంగానికే ఉంది.

నిరంతర ధారకు పంపు కావాలి, వడపోత కావాలి, తిరిగి వచ్చిన సిరా చిక్కబడకుండా చూసుకోవాలి. కర్మాగారానికి ఇది భారం కాదు. సీసాల మీద తేదీలు ముద్రించడంలో ఈ పద్ధతి నేటికీ నిలిచి ఉంది. ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి మాత్రం ఇది తగదు.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
> ధార వ్యాసం 40 మైక్రోమీటర్లు, వేగం సెకనుకు 18 మీటర్లు అయితే సెకనుకు ఎన్ని బొట్లు ఏర్పడతాయి? (జవాబు: తరంగదైర్ఘ్యం 180 మైక్రోమీటర్లు, సెకనుకు 1,00,000 బొట్లు)

5. కోరినప్పుడే బొట్టు

అవసరం లేని బొట్టును పట్టుకొని వెనక్కి పంపడం కంటే, అసలు పుట్టించకుండా ఉంటే పరికరం చాలా సులువవుతుంది. ఇందుకు అక్కరకు వచ్చినది పీజో విద్యుత్ ధర్మం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్ పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనికి విలోమం కూడా నిజం. విద్యుత్ ఇస్తే ఆ పదార్థం కొద్దిగా సాగుతుంది లేదా ముడుచుకుంటుంది. సిరా గది గోడను ఇలాంటి పదార్థంతో చేస్తే, ఒక్కొక్క విద్యుత్ స్పందనకు గోడ కదిలి ఒక్కొక్క బొట్టును బయటికి నెడుతుంది.

1970ల మొదటి సగంలో కొందరు వేర్వేరుగా ఈ ఆలోచనకు రూపమిచ్చారు. అమెరికాలో స్టీవెన్ జోల్టన్ గొట్టాన్నే నొక్కే ఏర్పాటు చేశాడు. స్వీడన్‌లో స్టెమ్మె పలుచని పలకను వంచాడు. అమెరికాలోనే కైసర్, సియర్స్ జంట ఇలాంటి మరో నమూనా రూపొందించింది. 1977లో సీమెన్స్ సంస్థ పీటీ–80 అనే ప్రింటర్‌లో ఈ సూత్రాన్ని వాడింది. చప్పుడు లేకపోవడం దాని పెద్ద ఆకర్షణ.

ఇక్కడ మరో లెక్క చూద్దాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 కాగితం మీద దాదాపు 87 లక్షల చుక్కల స్థానాలు ఉంటాయి. ఒక నాజిల్ సెకనుకు 5,000 స్థానాల మీదుగా వెళ్ళగలిగితే పేజీ పూర్తికావడానికి 29 నిమిషాలు పడుతుంది. 50 నాజిళ్ళుంటే 35 సెకన్లు చాలు. కాబట్టి నాజిళ్ళు అనేకం కావాలి. ఒక్కొక్క నాజిల్‌కు ఒక పీజో ముక్కను చేతితో అమర్చినట్లు అమర్చితే ధర ఆకాశాన్నంటుంది. నాజిళ్ళను చవకగా, వందల సంఖ్యలో తయారుచేయడం మూడో సమస్యగా మిగిలింది.

6. బుడగ చేసిన పని

1977లో జపాన్‌లోని కానన్ సంస్థ ప్రయోగశాలలో ఇచిరో ఎండో పనిచేస్తుండగా, వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ సిరా నిండిన సిరంజి సూదికి తగిలింది. సూది మొననుంచి సిరా చిమ్మింది. వేడికి పుట్టిన ఆవిరి బుడగ సిరాను నెట్టిందని ఆయన గ్రహించాడు. 1970ల చివరిలోనే అమెరికాలోని హ్యూలెట్–పాకార్డ్ సంస్థలో జాన్ వాట్ కూడా వేడితో సిరాను నెట్టే మార్గానికి విడిగా చేరుకున్నాడు.

ఈ కథను యాదృచ్ఛిక ఆవిష్కరణకు ఉదాహరణగా తరచు చెబుతారు. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆవిరి పీడనంతో సిరాను చిమ్మించే పరికరానికి 1965లోనే స్పెర్రీ ర్యాండ్ సంస్థకు చెందిన మార్క్ నైమన్ పేరిట అమెరికా పేటెంటు వచ్చింది. అది వ్యాపార వస్తువుగా మారలేదు. పన్నెండేళ్ళ తరువాత అదే ఆలోచన ఎందుకు ఫలించింది?

సమాధానం సిలికాన్ చిప్‌ల తయారీలో ఉంది. బుడగ పద్ధతికి కావలసినది అతి చిన్న నిరోధకం, దానికి విద్యుత్ చేర్చే పలుచని లోహపు పొర. చిప్‌ల మీద ఇలాంటి వాటిని ఒకేసారి వందలుగా ముద్రించే విద్య 1970ల చివరికి బాగా స్థిరపడింది. నిరోధకానికి కొన్ని మైక్రోసెకన్ల పాటు విద్యుత్ ఇస్తే, దాన్ని ఆనుకొని ఉన్న పలుచని సిరా పొర సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరి ఒక్కసారిగా ఆవిరవుతుంది. బుడగ వ్యాకోచించి బొట్టును నెడుతుంది. బుడగ కూలిపోగానే ఖాళీలోకి కొత్త సిరా వస్తుంది. ఆలోచన ఒకరి తలలో మెరవవచ్చు. అది వస్తువు కావాలంటే చుట్టూ ఉన్న పరిశ్రమ సిద్ధంగా ఉండాలి.

బుడగ కూడా కొత్త చిక్కులు తెచ్చింది. కూలిపోయే ప్రతి బుడగా నిరోధకాన్ని సుత్తిలా కొడుతుంది. మాడిన సిరా దానిమీద పేరుకుంటుంది. మాడడం అనే అర్థమున్న జపాను మాట నుంచి ఇంజనీర్లు దీనికి ‘కోగేషన్’ అని పేరు పెట్టుకున్నారు. వాడకుండా ఉంచితే రంధ్రంలో సిరా ఎండిపోతుంది. హ్యూలెట్–పాకార్డ్ ఇంజనీర్లు వీటన్నిటికీ ఒకే జవాబు ఎంచుకున్నారు: సిరాతో పాటు నాజిళ్ళ భాగాన్నీ పారేయడం. 1984లో 495 డాలర్ల ధరతో వచ్చిన థింక్‌జెట్‌లో సిరా అయిపోగానే ముద్రణ తల కూడా మారిపోయేది. అంగుళానికి 300 చుక్కలతో మామూలు కాగితం మీద ముద్రించే డెస్క్‌జెట్ 1988లో వచ్చింది.

పీజో పద్ధతి వెనకబడిపోలేదు. జపాన్‌కు చెందిన ఎప్సన్ 1993లో మైక్రో పీజో తలతో ప్రింటర్ తెచ్చింది. 1994లో అంగుళానికి 720 చుక్కల రంగుల ప్రింటర్ విడుదల చేసింది. పీజో తలలో సిరా వేడెక్కదు కాబట్టి నీటి సిరాలే కాక ద్రావణి సిరాలు, బట్టల రంగులు కూడా వాడవచ్చు. ఈ తేడా తరువాత ఎంత దూరం వెళ్ళిందో ఎనిమిదో విభాగంలో చూస్తారు.

7. బొట్టు ధర ఎవరిది?

పారేసే ముద్రణ తల సాంకేతికంగా చక్కని పరిష్కారం. అయితే దానితో పాటు ఒక వ్యాపార పద్ధతి కూడా బలపడింది. ప్రింటర్‌ను తక్కువ ధరకు అమ్మడం, లాభాన్ని కార్ట్రిడ్జ్ మీద రాబట్టడం. ఇంజనీరు ఎదుట ఉన్న పూడిక సమస్య తీరింది. దాని ఖర్చు మాత్రం ప్రతి పేజీతోపాటు వినియోగదారు మీద పడింది.

వినియోగదారులు ఊరుకోలేదు. కార్ట్రిడ్జ్‌లో సిరంజితో సిరా నింపి ఇచ్చే దుకాణాలు మన పట్టణాలలోనూ వెలిశాయి. ఆసియా దేశాలలో చిల్లర వ్యాపారులు ప్రింటర్ పక్కన సిరా సీసాలు పెట్టి, గొట్టాలతో తలకు కలిపి అమ్మసాగారు. చివరకు 2010లో ఎప్సన్ సంస్థే ఇండోనేషియాలో సిరా ట్యాంకు ప్రింటర్‌ను విడుదల చేసింది. ప్రింటర్ ధర ఎక్కువ, సీసా సిరా చవక. పాత లెక్క తలకిందులైంది. తరువాత ఇతర సంస్థలు కూడా ఈ దారికి వచ్చాయి.

సాంకేతిక చరిత్రలో ఆవిష్కర్తల పేర్లు మిగులుతాయి. కానీ ఈ మార్పుకు దారి చూపిన దుకాణదారుల పేరిట ఏ పేటెంటూ లేదు. వాడేవారు కూడా యంత్రం రూపాన్ని మారుస్తారనడానికి ఇది మంచి ఉదాహరణ.

8. మన వీధిలో ఇంక్‌జెట్

ఈ చరిత్ర తెలుగు నేల మీద రెండు చోట్ల స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిది లిపి. టైపురైటర్ మీటల సంఖ్య పరిమితం. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగును ఆ పరిమితిలో కుదించవలసి వచ్చేది. అక్షరాన్ని చుక్కల బొమ్మగా చూసే ప్రింటర్‌కు అన్ని లిపులూ ఒక్కటే. డాట్ మ్యాట్రిక్స్ ఈ తలుపు తెరిస్తే, లేజర్, ఇంక్‌జెట్ ప్రింటర్ల సన్నని చుక్కలు వత్తులను, గుడులను స్పష్టంగా చూపగలిగాయి.

రెండవది ఫ్లెక్సీ. ప్లాస్టిక్ పూత ఉన్న వెడల్పాటి గుడ్డ మీద పీజో తలలు ద్రావణి సిరాను చల్లే యంత్రమే మనం ఫ్లెక్సీ ముద్రణ అనేది. ఆరో విభాగంలో చెప్పిన తేడా ఇక్కడికి దారితీసింది. పెళ్ళి, వర్ధంతి, ఎన్నికలు ఏదైనా గంటల్లో నిలువెత్తు బొమ్మ సిద్ధమవుతుంది. దీనివల్ల డిజైనర్లకు, ముద్రణ దుకాణాలకు కొత్త ఉపాధి దొరికింది. సైన్‌బోర్డులు రాసే, సినిమా బ్యానర్లు గీసే చిత్రకారులు మాత్రం పని కోల్పోయారు. వాడి పారేసిన ప్లాస్టిక్ గుడ్డ మరో సమస్య. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధాన్ని ప్రకటించడానికి కారణం ఇదే. ఇక్కడ కూడా పాత క్రమమే కొనసాగింది. ఒక పరిష్కారం, దాని వెంట ఒక కొత్త ప్రశ్న.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
> మీ ఊరిలో ఫ్లెక్సీలు రాకముందు బోర్డులు రాసిన చిత్రకారుడు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఆయన పని ఎప్పుడు తగ్గింది, తరువాత ఏ పనికి మారారు అనే విషయాలు ఒక పేజీలో రాయండి. పుస్తకాలలో దొరకని చరిత్ర ఇది.

9. సారాంశం

ధార తెగడానికి తలతన్యత కారణమని ప్లాటో, ఆ తెగడానికి ఒక లెక్క ఉందని రేలీ చూపారు. తాకకుండా రాయవలసిన అవసరాన్ని తంతి, వైద్య పరికరాలు సృష్టించాయి. స్వీట్ బొట్టును విద్యుత్తుతో మళ్ళించాడు. పీజో పద్ధతి బొట్టును కోరినప్పుడే పుట్టించింది. బుడగ పద్ధతి, చిప్‌ల తయారీ విద్య కలిసి నాజిళ్ళను చవక చేశాయి. పారేసే తల పూడిక సమస్యను తీర్చి ధర సమస్యను తెచ్చింది. దానికి వినియోగదారులే దారి వెతికారు. ఏ యంత్రం గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఏ సమస్యను తీర్చింది? ఏ కొత్త సమస్యను తెచ్చింది? ఆ కొత్త సమస్య ఎవరి మీద పడింది?

10. కీలక పదాలు

*తలతన్యత:* ద్రవం తన ఉపరితల వైశాల్యాన్ని తగ్గించుకొనేలా చేసే ధర్మం.
*నాజిల్:* సిరా బయటికి వచ్చే అతి సన్నని రంధ్రం.
*నిరంతర ధారా పద్ధతి:* ధారను ఆపకుండా, అక్కరలేని బొట్లను వెనక్కి పంపే ముద్రణ.
*పీజో విద్యుత్ పదార్థం:* విద్యుత్ ఇచ్చినప్పుడు ఆకారం కొద్దిగా మార్చుకొనే పదార్థం.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ద్రవధార బొట్లుగా మారడాన్ని తలతన్యత ఆధారంగా వివరించండి. (10 పంక్తులలో)
2. రిచర్డ్ స్వీట్ పద్ధతిలోని దశలను తెలపండి. (10 పంక్తులలో)
3. ఆవిరితో సిరాను నెట్టే ఆలోచన 1965లో కాక 1980లలో ఎందుకు ఫలించింది? చర్చించండి. (30 పంక్తులలో)
4. ఇంక్‌జెట్ ముద్రణ చరిత్రలో వినియోగదారుల పాత్రను ఉదాహరణలతో విశ్లేషించండి. (30 పంక్తులలో)